తన్నూస్ బూ నాదిర్‌కి ఒక ఓటు

మొదటిసారి నా పేరు వినపడినప్పుడు నేను వంటింట్లో పప్పులో రాళ్ళు ఏరుకుంటున్నాను. "తన్నూస్ బూ నాదిర్" అంది ఒక మగ గొంతు, ఇంటిపేరుతో సహా, ఖంగుమని. "ఆఁ, వస్తున్నా, వస్తున్నా!" అని కేకేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వెళ్ళి వీధి తలుపు తీశాను. గుమ్మంలో పక్కింటి పిల్లి తప్ప ఎవరూ లేరు.

నవ్వుకుంటే నవ్వుకోండి. నా భార్య సల్మా పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నా పేరు పలికిన గొంతు లేదు. మాకు పిల్లలు లేరు. గవర్నమెంటు బడిలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఊళ్ళో అందరికీ మాస్టారినే గాని తన్నూస్‌ని కాను. పొద్దున లేవగానే టీవీ పెట్టేస్తాను. చూడటానికి కాదు. ఇంట్లో మనిషి మాట వినపడుతూ ఉండాలి, అంతే. వాతావరణం, వంటలు, ప్రార్థనలు, ఏదైనా నాకు ఒకటే.

తలుపేసి గదిలోకొచ్చేసరికి టీవీలో పార్లమెంటు. ఆ రోజు గురువారం, దేశాధ్యక్షుడి ఎన్నిక. ఎన్నికంటే తేలే ఎన్నిక కాదు లెండి, నెలల తరబడి ఈడుస్తున్న తంతు. గాజు పెట్టె మీదకి వంగి ఒక కార్యదర్శి మడిచిన కాగితాలు ఒక్కొక్కటే విప్పి చదువుతున్నాడు. "ఖాళీ... ఖాళీ... ఖాళీ..." నాకేదో భ్రమ కలిగిందనుకుని మళ్ళీ పప్పు దగ్గరికి వెళ్ళబోతున్నాను. అప్పుడు స్పీకరు మొత్తం లెక్క చదివాడు. ఫలానాయనకి నలభై చిల్లర. ఖాళీ కాగితాలు అరవై పైన. చెల్లనివి నాలుగు. "తన్నూస్ బూ నాదిర్, ఒకటి."

సోఫాలో కూలబడ్డాను.

మా లెబనాన్‌లో అధ్యక్షుణ్ణి జనం ఎన్నుకోరు. జనం ఎంపీలను ఎన్నుకుంటారు, ఆ నూట ఇరవై ఎనిమిది మంది కూర్చుని అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఈ పాఠం బల్ల మీద బెత్తంతో కొట్టి కొట్టి ముప్ఫై ఏళ్ళు చెప్పాను. మొదటి విడతలో గెలవాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. రాకపోతే రెండో విడత, అందులో సగానికి ఒకటి ఎక్కువైతే చాలు. వినడానికి బాగానే ఉంది కదా? మెలికంతా ఇక్కడే ఉంది. ఏ విడతకైనా సభలో మూడింట రెండు వంతుల మంది కూర్చుని ఉండాలి. అందుకని మా ఘనులు ఏం చేస్తారంటే, మొదటి విడతలో ఖాళీ కాగితం పెట్టెలో పడేసి, రెండో విడతలో అవతలివాడు గెలిచి చస్తాడేమోనని లేచి చక్కా బయటికి పోతారు. స్పీకరు తలకాయలు లెక్కపెట్టి, సరిపోలేదని సుత్తి కొట్టి, వచ్చే గురువారం చూద్దాం అంటాడు. అవతల కొండ మీద అధ్యక్షుడి మేడలో కుర్చీ దుమ్ము కొట్టుకుపోతోంది.

ఇంకో సంగతి. దీనికి నామినేషన్ అక్కర్లేదు. అధ్యక్షుడు మా మారోనైట్ క్రైస్తవుడై ఉండాలన్నది ఆచారం. ఆ పైన ఎంపీ తనకి తోచిన పేరు రాయచ్చు. ఇది పిల్లల బుర్రకెక్కాలని క్లాసులో ఏటా ఒకే ఉదాహరణ చెప్పేవాణ్ణి. "వాళ్ళు తలుచుకుంటే నా పేరు కూడా రాయచ్చురా, తన్నూస్ బూ నాదిర్ అని!" క్లాసంతా గొల్లుమనేది. ఏటా అదే నవ్వు. నేనూ నవ్వేవాణ్ణి.

ఇప్పుడెవడో నిజంగానే రాశాడు.

ముందు వచ్చింది వర్దే అక్క. ఎదురింటి మేడ మీద ఉంటుంది. డెబ్బై దాటి చాలా కాలమైనా గొంతు మాత్రం చర్చి గంటే. బాల్కనీలో అరవడం మొదలుపెట్టి, మెట్లు దిగుతూ అరిచి, నా గుమ్మం దాకా అరుస్తూనే వచ్చింది.

"ఏం మాస్టారూ, విన్నావా? నీ పేరే! మా అమ్మ మీదొట్టు, నీ పేరే చదివారు!"

"విన్నాను అక్కా."

"మరా చొక్కా ఏంటి, బొత్తాం ఊడిపోయి? అధ్యక్షుడు అలా ఉంటాడా? కాఫీ పెట్టు, కాఫీ పెట్టు. జనం వస్తున్నారు."

నిజంగానే వచ్చారు. కిరాణా కొట్టు నెహ్మే చక్కెర బాదం పొట్లంతో వచ్చాడు. మంగలి సగం గడ్డం గీసినవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నెహ్మే గుమ్మంలోనే నడుం దాకా వంగాడు.

"అధ్యక్షులవారూ, తమ పాలనలోనైనా మా వీధి గుంట పూడుతుందా?"

"ముందు నీ కొట్లో తూకం సరిచేయిస్తాను, తర్వాత గుంట," అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నా మాటకి మనుషులు నవ్వి ఎన్నాళ్ళయిందో! వాళ్ళు వెళ్ళాక కూడా ఆ నవ్వు గదిలో ఉన్నట్టే అనిపించి చాలాసేపు టీవీ పెట్టలేదు.

మా కొండ ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషికి చావొచ్చినా పదవొచ్చినా జనం ఆ ఇంటికే వెళ్ళి కూర్చోవాలి. అంతకుముందు గురువారాల్లో ఊరంతా నెహ్మే కొట్లో బస్తాల మీద కూర్చుని ఆ ప్రహసనం చూసేవాళ్ళు. నా పేరు వచ్చాక అది మా ఇంటికి మారింది. "అభ్యర్థి ఇల్లుండగా కొట్లో కూర్చోవడమేంటి, అమర్యాద కాదూ?" అంది వర్దే అక్క. చర్చి హాల్లోంచి తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చారు. గవర్నమెంటు కరెంటు ఉండదు, వీధి జనరేటరు సాయంత్రం దాకా వెయ్యరు గాని, సల్మా పోరు పడలేక డాబా మీద పెట్టించిన సోలారు పలకలు, వెనక గదిలో బ్యాటరీ ఉన్నాయి కాబట్టి పగలు నా టీవీకి ఢోకా లేదు.

మరుసటి గురువారం మళ్ళీ నా పేరు చదివారు. ఆ తర్వాత గురువారం కూడా. ఎప్పుడూ ఒకటే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఖాళీ, ఖాళీ అని వినీ వినీ జనం ఆవలిస్తూ ఉండేవారు. ఆ మధ్యలో ఎక్కడో "తన్నూస్ బూ నాదిర్" అనగానే గదంతా చప్పట్లు, ఈలలు. మంగలి నా భుజం తట్టేవాడు. వర్దే అక్క కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, సల్మా ఉండి చూడాల్సింది," అనేది. తర్వాత ఎంపీలు లేచి బయటికి పోతుంటే అందరూ కలిసి తిట్టేవాళ్ళం. ఆ తిట్లలో ఒక సుఖం ఉందండీ. కలిసి తిట్టే మనుషులు లేనివాడికి తెలుస్తుంది దాని రుచి.

శుక్రవారం పొద్దున ఇల్లు మరీ బోసిగా ఉండేది. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడకి పేర్చి, మళ్ళీ ఎందుకో విడదీసి సర్దేవాణ్ణి. భోజనానికి కూర్చున్నప్పుడు ఎదురుగా ఖాళీ కుర్చీ లేకుండా గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువగా నన్ను తొలిచింది ఒక్కటే. ఎవడు వాడు? ఇంత దేశంలో, కలం పట్టుకుని, అన్ని పేర్లూ వదిలేసి, నన్ను తలుచుకున్న ఆ ఒక్కడు ఎవడు? నాకు అధ్యక్ష పదవి ఎందుకు, నా మొహానికి? ఆ ఒక్క మనిషిని చూస్తే చాలనిపించేది. చూసి, "నీకు నేను గుర్తున్నానా?" అని అడగాలి. అంతే.

ఆలోచిస్తే ఒక్కడే తేలాడు. నా దగ్గర చదివినవాళ్ళలో పార్లమెంటు మొహం చూసినవాడు సుహైల్ హజ్జార్ ఒక్కడే. కింద పట్నం నుంచి బస్సులో వచ్చేవాడు, కిటికీ పక్క బెంచీ. నా ఉదాహరణకి అందరూ నవ్వుతుంటే వాడు మాత్రం నవ్వకుండా నా వంక చూసేవాడని నాకు గుర్తు. లేదా నేనే అలా గుర్తు పెట్టుకున్నానో. ఫోన్ చెయ్యచ్చుగా అన్నాడు నెహ్మే. నేను చెయ్యలేదు. అది రహస్య ఓటు. ఓటేసినవాణ్ణి ఫోన్ చేసి అడగడమేంటి, పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి! పైగా, కాదంటాడేమోనన్న భయం కూడా ఉంది. ఉన్న మాట చెప్పొద్దూ.

చలికాలం మధ్యలో నెహ్మే తల్లి పోయింది. మా దగ్గర ఎంపీ చట్టాలు చెయ్యకపోతే ఊరుకుంటారు గాని, చావింటికి రాకపోతే మాత్రం ఓటర్లు ఊరుకోరు. సుహైల్ హజ్జార్ వస్తున్నాడని పొద్దున్నే కబురొచ్చింది. నేను నీలం సూటు దులిపి తొడుక్కున్నాను. పరామర్శకి వెళ్తూ అద్దంలో మూడుసార్లు చూసుకున్నాను, సిగ్గు లేకుండా. వర్దే అక్క వీధిలో ఆపి టై సరిచేసి, "ఏడవకు అక్కడ. అధ్యక్షుడు నిబ్బరంగా ఉండాలి," అంది.

చర్చి పక్క హాల్లో మగవాళ్ళం గోడ పొడుగునా వరసగా కూర్చున్నాం. సుహైల్ ఇద్దరు అంగరక్షకులతో వచ్చాడు. బట్టతల, బొజ్జ, చేతిలో ఆగకుండా మోగే ఫోను. అందరితో పాటు నేనూ లేచాను. వాడు వరసలో ఒక్కొక్కరి చెయ్యీ అందుకుంటూ, "దేవుడు ఆమెని కరుణించుగాక, కరుణించుగాక," అంటూ వస్తున్నాడు. నా దగ్గరికొచ్చాడు. చెయ్యి నా చేతిలో ఉంది, కళ్ళు అప్పుడే నా పక్కవాడి మీదకి వెళ్ళిపోయాయి.

"దేవుడు ఆమెని కరుణించుగాక. మీరు పోయినావిడకి ఏమవుతారు?"

నేను చెయ్యి వదల్లేదు.

"ఏమీ కాను నాయనా. తన్నూస్ బూ నాదిర్‌ని."

వాడి మొహంలో నెత్తురు లేదు. నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"మాస్టారూ... మీరు ఇంకా ఉన్నారా?"

కాసేపటికి, చావింట పోసే చేదు కాఫీ తాగడం అయ్యాక, వాడే నన్ను చర్చి పెరట్లోకి తీసుకెళ్ళాడు. అంగరక్షకుల్ని గేటు దగ్గరే ఉండమన్నాడు. సిగరెట్టు వెలిగించి, మాస్టారి ముందు కాల్చకూడదని గుర్తొచ్చి, పారేశాడు. ఆ పని చూసి నాకు మళ్ళీ ఆశ పుట్టింది, చూడండి నా పిచ్చి.

"మీ ఇంట్లో ఎవరో పోయారని ఆ మధ్య ఎవరో అన్నారు. మీరే అనుకున్నాను," అన్నాడు.

"పోయింది సల్మా."

"అయ్యో. నాకు తెలీదు మాస్టారూ."

"అది వదిలేయ్. నా పేరు రాస్తున్నది నువ్వేగా?"

కాదనలేదు.

"నా పాఠం గుర్తుందన్నమాట."

"ఆఁ, గుర్తుంది. మీ పేరే చెప్పేవారు కదా క్లాసులో. అందుకే ఠక్కున తట్టింది," అన్నాడు. నాకు ఒళ్ళంతా వెచ్చబడింది. వాడు అక్కడితో ఆపేసి ఉంటే ఎంత బాగుండేదో. ఆపలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా మొత్తం చెప్పేశాడు.

"మా బేగ్ తెలుసుగా, మా కూటమి పెద్ద. ఆయన మా అందరికీ ఖాళీ కాగితం వెయ్యమని చెప్పాడు. ఖాళీ కాగితం మీద పేరుండదు కదా, ఎవరు వేశారో ఎవరికి తెలుస్తుంది? నేను అవతలివాళ్ళకి అమ్ముడుపోయానని ఆయన చెవిలో ఎవడో ఊదాడు. నన్నొక్కణ్ణి పక్కకి పిలిచి, నువ్వు ఖాళీ వెయ్యద్దు, ఇంకెవడూ రాయని పేరొకటి రాసెయ్, అది బయటికి చదివితే నువ్వు అటు వెయ్యలేదని నాకు నమ్మకం అన్నాడు. వాళ్ళింట్లో కూర్చుని టీవీలో వింటాడు. మీ పేరు వినపడితే, సరే, సుహైల్ గాడు మాట మీదున్నాడు అనుకుంటాడు."

"మరి నా పేరే ఎందుకు?"

వాడు నేల చూపులు చూశాడు.

"చెప్పరా, ఫరవాలేదు."

"పేరు మారోనైట్‌దై ఉండాలి మాస్టారూ, లేకపోతే వెటకారమని చెల్లనివాటిలో పడేస్తారు, చదవరు. ఏ పార్టీ మనిషీ అవకూడదు. అన్నదమ్ములు, కొడుకులు, చుట్టాలు ఉంటే వాళ్ళు ఎగేసుకుంటూ వస్తారు, మావాణ్ణి ఎవరు నిలబెట్టారని. అందుకని..."

"అందుకని వెనకా ముందూ ఎవరూ లేనివాడి పేరు కావాల్సొచ్చింది."

"అలా అని కాదు."

"అలానే. చచ్చిపోయినవాడైతే మరీ మంచిది."

ఒళ్ళు మండిపోయింది నాకు. చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపించింది, ఆ బట్టతల ఎంపీని. ఇన్ని గురువారాలు నేను పొద్దున్నే గడ్డం గీసుకుని కూర్చున్నది దేనికి? గొర్రెకి పూసిన రంగు కోసమా? ఈ మందలోది అని కాపరికి తెలియడం కోసమా?

"ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను మాస్టారూ," అన్నాడు వాడు, నా మొహం చూసి. "ఒప్పందం కుదిరింది. ఈ గురువారం ఎన్నిక తేలిపోతుంది. అందరం ఒకే పేరు రాస్తున్నాం, బయటికి కూడా పోం. మీ పేరుతో ఇంక పని లేదు."

పని లేదు. కోపం అంతా ఒక్కసారిగా ఎటుపోయిందో తెలీదు. ఈ గురువారం, ఆ తర్వాత గురువారం, తెల్ల కుర్చీలు తిరిగి చర్చికి పోవడం, అన్నీ కళ్ళ ముందు కనపడ్డాయి.

"ఒక్కసారి రాయి," అన్నాను.

"ఏంటి మాస్టారూ?"

"ఈ ఒక్క గురువారం. మొదటి విడతలో రాయి, చాలు. రెండో విడతలో నీ ఇష్టం."

వాడు నిజంగానే అర్థం కాక చూశాడు. "ఎందుకు? ఎలాగూ గెలవరుగా!"

ఎందుకో వాడికి ఏమని చెప్పను? కాఫీ కోసమా? నవ్వు కోసమా? "ఊరికే అన్నాలే," అన్నాను.

"ఈసారి ఒక్క ఓటు తగ్గినా బేగ్ నా పీక నొక్కేస్తాడు. క్షమించండి," అని నా చెయ్యి ముద్దు పెట్టుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

హాల్లోకి తిరిగి రాగానే నెహ్మే, తల్లి పోయిన దుఃఖంలో కూడా, నా చెవిలో అడిగాడు. "వాడేనా? ఏమన్నాడు?"

"వాడే," అన్నాను. "చిన్నప్పటి గౌరవం అట."

"చూశారా, నేను చెప్పలా!" అన్నాడు నెహ్మే. ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వాడు.

గురువారం ఇల్లు ఎప్పుడూ లేనంతగా నిండిపోయింది. తేలిపోయే ఎన్నిక అని అందరికీ తెలిసింది. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద ఎక్కి కూర్చున్నారు. వర్దే అక్క సోంపు రొట్టెలు చేసి తెచ్చింది. "ఇవాళ ఆఖరు. ఇవాళ గట్టిగా కొట్టాలి చప్పట్లు, పార్లమెంటు దాకా వినపడాలి," అని అందరికీ చెబుతోంది. పగలే అయినా బయట మబ్బు కమ్ముకుని మంచు కురిసేలా ఉంది. నేను కుర్చీ అంచున కూర్చుని టీవీ చూస్తున్నాను. ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే ఎంపీలు వచ్చి కవరు గాజు పెట్టెలో వేసి పోతున్నారు. సుహైల్ వచ్చాడు. టై సర్దుకుని, కవరు వేసి, ఎటూ చూడకుండా వెళ్ళిపోయాడు.

"అడుగో, మనవాడు!" అని మంగలి ఈల వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కార్యదర్శి మొదటి కవరు చింపాడు. నేను తట్టుకోలేకపోయాను. కాగితాలన్నీ అయిపోయేదాకా వీళ్ళు ఎదురు చూస్తారు. అయిపోయాక నా వంక చూస్తారు. ఆ చూపు మొయ్యడం నా వల్ల కాదు. "కాఫీ చూసొస్తా," అని లేచి వెనక గదిలోకెళ్ళి బ్యాటరీ వైరు పీకేశాను.

"ఓహో! అయ్యయ్యో!" అని ఇల్లు దద్దరిల్లింది.

"మబ్బు కదా," అన్నాను గుమ్మంలో నిలబడి. "పలకలకి ఎండ లేదు. బ్యాటరీ చచ్చింది."

"ఇప్పుడా చచ్చేది? సరిగ్గా ఇప్పుడా? కొట్టుకి పదండి! కొట్లో చిన్న జనరేటరుంది, పదండి పదండి!" అని నెహ్మే లేచాడు. కుర్చీలు తన్నుకుంటూ అందరూ బయటికి పరుగు తీశారు. వర్దే అక్క గుమ్మంలో ఆగింది.

"నువ్వు రావా?"

"కాఫీ పొయ్యి మీదుంది. పొంగిపోతుంది. మీరు పదండి, వస్తా."

"ఈలోగా నీ పేరు చదివేస్తే?"

"చదివితే వచ్చి చెప్పు."

వాళ్ళ కాళ్ళ చప్పుడు వీధి మలుపు తిరిగింది. ఇల్లు ఖాళీ. నేనే ఖాళీ చేయించాను. కాసేపు ఆ కుర్చీల మధ్య నిలబడి, వెనక గదిలోకెళ్ళి వైరు మళ్ళీ తగిలించాను.

టీవీ గొంతు బాగా తగ్గించి, దగ్గరికి జరిగి కూర్చున్నాను. గెలవబోయేవాడి పేరు. మళ్ళీ అదే పేరు. మళ్ళీ అదే. ఒక ఖాళీ. మళ్ళీ అదే పేరు. నాకు తెలుసు రాదని. వాడు మొహం మీదే చెప్పాడు. అయినా కార్యదర్శి ప్రతి కాగితం మడత విప్పుతుంటే నా గుండె ఆగి కొట్టుకుంటోంది, సిగ్గులేని గుండె. కాగితాలు అయిపోయాయి. స్పీకరు లెక్క చదివాడు. నా పేరు లేదు. గెలవబోయేవాడికి రెండు వంతులు రాలేదు, కొంచెంలో పోయింది. ఈసారి ఎవడూ లేచి బయటికి పోలేదు. మళ్ళీ కవర్లు, మళ్ళీ పిలుపులు, మళ్ళీ గాజు పెట్టె. రెండో విడత కూడా మొత్తం చూశాను, ఒక్క కాగితం వదలకుండా. ఒకరిద్దరు వెటకారానికి రాసినవి చెల్లనివాటిలో పడ్డాయి. నన్ను మాత్రం ఎవడూ రాయలేదు. దేశానికి అధ్యక్షుడొచ్చాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఎక్కడో కింద పట్నంలో టపాసులు పేలుతున్నాయి.

ఏడుపు రాలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది, అంతే. కొట్లో వాళ్ళు కూడా ఇదే చూసి ఉంటారు. పిల్లాడు మాస్టారిని మర్చిపోయాడని నెహ్మే అనుంటాడు. వచ్చి ఏమంటారు? ఇంక వస్తారా అసలు? రాకపోతేనే మంచిది. రావద్దని దణ్ణం పెట్టుకున్నాను.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. గబుక్కున టీవీ ఆపేశాను.

"చదివారు!" వర్దే అక్క కేక, తలుపు ఇంకా తియ్యకుండానే. "చదివారయ్యా! వినపడిందా? నీ పేరు చదివారు!"

ఆమె వెనక నెహ్మే, మంగలి, మిగిలినవాళ్ళందరూ. నడిచొచ్చినవాళ్ళు కాదు, పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతున్నారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎన్ని?" అన్నాను.

"ఒకటి! ఎప్పట్లాగే ఒకటి!" అన్నాడు మంగలి.

"స్పీకరు తలెత్తి మరీ చదివాడు మాస్టారూ," అన్నాడు నెహ్మే. "కొట్లో చప్పట్లు వినపడలేదా మీకు?"

నేను వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను. ఒక్కడు కూడా నా కళ్ళలోకి చూడటం లేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత పరీక్షలు రాయించినవాణ్ణి; నోరు ఊరుకోలేదు.

"మొదటి విడతలోనా, రెండో విడతలోనా?"

"మొదటి దాంట్లో," అంది వర్దే అక్క.

"రెండో దాంట్లో," అన్నాడు నెహ్మే, అదే క్షణంలో.

మంగలి తన బూట్లకంటిన బురద చూసుకుంటున్నాడు. నెహ్మే చెవులు ఎర్రబడ్డాయి. వర్దే అక్క ఒక అడుగు ముందుకేసి, నడుం మీద చెయ్యేసుకుని నా మీద గయ్యిమంది.

"రెండింట్లోనూ చదివారు! ఏం, నీకేమన్నా అనుమానమా, తన్నూసూ?"

"లేదక్కా," అన్నాను. కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు. "అనుమానమేం లేదు. కూర్చోండి. అందరూ కూర్చోండి."

వాళ్ళు కుర్చీలు లాక్కుంటున్నారు. వర్దే అక్క నా వెనకే వంటింట్లోకి వచ్చింది. పొయ్యి చల్లగా ఉంది, దాని మీద గిన్నె కూడా లేదు. ఆమె పొయ్యి వంక చూసింది, నా వంక చూసింది. అలమారలోంచి కప్పులు తీసి వరసగా పెట్టడం మొదలుపెట్టింది. పొయ్యి వెలిగించడానికి నాకు మూడు అగ్గిపుల్లలు పట్టాయి.